ఏడు వేసవుల సినిమా

1982. అమెరికా దక్షిణాన మిసిసిపి రాష్ట్రం. ఏడాది కింద దుమ్ము రేపిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ మళ్లీ థియేటర్లకు వచ్చింది. హాల్లో దీపాలు ఆరాయి. ఎవరి కంటా పడకుండా లోపలికి తెచ్చుకున్న టేప్ రికార్డర్ మీట నొక్కారు పిల్లలు. తెర మీద హారిసన్ ఫోర్డ్ కొరడా ఝళిపిస్తుంటే హాలంతా అతన్నే చూస్తోంది. వీళ్లకు మాత్రం టేపు తిరుగుతోందా లేదా అన్నదే బెంగ. బొమ్మను ఎలాగూ ఇంటికి పట్టుకుపోలేరు. చప్పుడునైనా పట్టుకుపోవాలి.

ఈ దొంగచాటు పని ఎందుకో విడమర్చి చెబితే గానీ ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. ఆ సినిమా వీడియో క్యాసెట్ అమ్మకానికి వచ్చింది 1983 చివర్లో. అప్పటిదాకా హాల్లో చూసిందే దక్కుడు. ఆపి చూడటం లేదు, వెనక్కి తిప్పి చూడటం లేదు. ఫలానా సీన్లో హీరో ఏ చేత్తో తలుపు నెట్టాడో మరిచిపోతే మళ్లీ టికెట్ కొనుక్కోవాల్సిందే. ఆ టేపులోకి ఎక్కిన మాటలు, సంగీతం, పత్రికల్లో వచ్చిన ఫొటోలు, కామిక్ పుస్తకం, మిగతాదంతా జ్ఞాపకం. అదీ వాళ్ల పెట్టుబడి. దాంతోనే ఆ సినిమాను మొదటి షాటు నుంచి చివరి షాటు దాకా మళ్లీ తీయాలని కూర్చున్నారు పదకొండు పన్నెండేళ్ల కుర్రాళ్లు.

పౌరాణిక సినిమా చూసొచ్చిన మన పల్లెటూరి పిల్లలు కొబ్బరిమట్టను గదలా భుజాన వేసుకుని వారం రోజులు వీధిలో భీముళ్లయిపోవడం మనకు కొత్త కాదు. వీళ్లకు పట్టిన పూనకమూ అదే జాతిది. కాకపోతే వారం దాటినా వదల్లేదు. ఏడేళ్లయినా వదల్లేదు.

ఊరి పేరు ఓషన్ స్ప్రింగ్స్. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున చిన్న పట్టణం. సినిమా పరిశ్రమ ఉన్న హాలీవుడ్ అక్కడికి దేశానికి ఆ చివర. క్రిస్ స్ట్రాంపోలస్ ఒకరోజు స్కూలు బస్సులో ఎరిక్ జాలా చేతిలో ‘రైడర్స్’ కామిక్ పుస్తకం చూశాడు. ఎరిక్ వయసులో కాస్త పెద్ద. ఒకసారి చూసి ఇచ్చేస్తానని అడిగాడు. పరిచయం అంతే. కొన్నాళ్లకు క్రిస్ ఫోన్ చేసి, ఆ సినిమాను నేను తీస్తున్నాను, సాయం చేస్తావా అన్నాడు. అడిగిన తీరు చూసి సెట్లు గిట్లు అప్పటికే సిద్ధమైపోయి ఉంటాయనుకున్నాడట ఎరిక్. తీరా వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఉన్నదల్లా క్రిస్ ఉత్సాహం. ఎరిక్ వెనక్కి తిరిగి వచ్చేయలేదు. కాగితం, పెన్సిలు ముందేసుకున్నాడు.

ఆ సినిమా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జార్జ్ లూకాస్ కథ, స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వం. విడుదల 1981 జూన్ 12. కథ 1936లో నడుస్తుంది. బైబిల్లో చెప్పిన, మోషే పది ఆజ్ఞల పలకలున్న నిబంధన మందసం అనే పెట్టె హిట్లర్ మనుషుల చేతికి చిక్కకముందే దాన్ని పట్టుకోవాలి. అందుకు బయల్దేరిన పురావస్తు శాస్త్రవేత్త ఇండియానా జోన్స్. తోలు జాకెట్, టోపీ, కొరడా. పాములంటే మాత్రం ప్రాణభయం. మన తరం వాళ్లలో చాలామందికి ఈ హీరో గుర్తుండేది 1984లో వచ్చిన రెండో సినిమాతో, అందులో గుండెలు పీకే మోలారామ్‌గా వేసిన అమ్రీష్ పురీతో. స్క్రిప్టు మీద మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో ఆ షూటింగ్ శ్రీలంకకు వెళ్లిపోయింది. ఇక్కడ మన కథ మాత్రం మొదటి సినిమాది. గుహలో తరుముకొచ్చే పెద్ద బండరాయి, మంటల్లో తగలబడే సారాకొట్టు, పాముల గొయ్యి, పరిగెత్తే ట్రక్కు కింద వేలాడే హీరో, జలాంతర్గామి, చివర్లో కరిగిపోయే ముఖాలు. కోట్ల డాలర్ల ఖర్చుతో స్పీల్‌బర్గ్ తీసిన ఈ సీన్లన్నింటినీ పాకెట్ మనీతో తీయాలి.

క్రిస్ హీరో. ఎరిక్ దర్శకుడు, పైగా ప్రతినాయకుడు బెల్లాక్ వేషం కూడా అతనిదే. కొన్నాళ్లకు జేసన్ లాంబ్ అనే మరో కుర్రాడు కలిశాడు. మేకప్, తోలుబొమ్మలు, మాయలు మంత్రాలు అతని పిచ్చి. కెమెరా అతని భుజం మీదకు వచ్చింది.

ఎరిక్ గీసిన కాగితాల గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ప్రతి షాటుకూ ఒక బొమ్మ. మనిషి ఫ్రేములో ఏ పక్కన నిలబడాలి, కెమెరా పై నుంచి చూస్తోందా, కింద నుంచా, ఎవరు ఎటు కదులుతారు. ఇలా ఆరు వందలకు పైగా గీశాడు. సినిమా వాళ్లు స్టోరీబోర్డు అంటారు. ఎదురుగా ఆపి చూసుకోవడానికి సినిమా లేదు కాబట్టి గుర్తున్నదాన్ని తవ్వి తవ్వి గీశాడు. ఆ వయసు పిల్లలు ఇలాంటి పని మొదలుపెట్టి నాలుగు పేజీల తర్వాత క్రికెట్‌కో బేస్‌బాల్‌కో పోవడం సహజం. ఎరిక్ చివరి బొమ్మ దాకా గీశాడు. నన్నడిగితే ఆ సినిమా పుట్టింది కెమెరా ఆన్ చేసిన రోజు కాదు, ఆ చివరి బొమ్మ గీసిన రోజు. ఎందుకంటే స్కూళ్లు తెరిస్తే ఆగిపోయి, మళ్లీ వేసవికి మొదలయ్యే షూటింగ్ అది. ఎక్కడ ఆపామో, ఏ షాటు మిగిలిందో, ఏది చెడిందో ఆ కాగితాలే చెప్పాలి. పిల్లలు పెరుగుతున్నారు, మారుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. కాగితాలు మాత్రం మారలేదు.

పుట్టినరోజుకు ఏం కావాలంటే టోపీ. క్రిస్మస్‌కు ఏం కావాలంటే కొరడా. ఇంట్లో వాళ్లిచ్చిన ప్రతి కానుకా సినిమా సామాను పెట్టెలోకే పోయింది. మొదట్లో దొరికింది బీటామ్యాక్స్ కెమెరా. తొలి ఏడాది తీసింది చాలావరకు పనికిరాలేదు. చూసుకుంటే వాళ్లకే నచ్చలేదు. పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టారు.

బండరాయి సంగతి చూడండి. హీరో వెనక దొర్లుకుంటూ రావాలి. మనిషి కన్నా పెద్దది కావాలి, కానీ మీద పడితే మనిషి చావకూడదు. క్రిస్ గదిలో కూర్చుని వెదురుబద్దలు వంచి గుండ్రంగా కట్టారు. బ్రహ్మాండంగా వచ్చింది. బయటికి తీద్దామంటే గుమ్మం పట్టలేదు. ఆ తర్వాత కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో ఒక ప్రయత్నం. అదీ నిలవలేదు. చివరికి ఫైబర్‌గ్లాస్‌తో చేసిన రాయి దొర్లింది. తెర మీద కొన్ని సెకన్ల పాటు ఉండే రాయి కోసం వేసవి మీద వేసవి పోయింది. పెద్దవాళ్లయితే ఆ సీను ఎత్తేసేవాళ్లు. బడ్జెట్ లేదని నిర్మాతో, టైం లేదని దర్శకుడో అనేవారు. ఈ పిల్లలకు అలాంటి మాటలు చెప్పేవాళ్లు పక్కన లేకపోవడం అదృష్టం.

అన్నీ ఉన్నదున్నట్టు కుదరలేదు మరి. అసలు సినిమాలో ఒక దొంగ కోతి ఉంటుంది, నాజీలకు సెల్యూట్ కొడుతుంది. ఓషన్ స్ప్రింగ్స్‌లో కోతి ఎక్కడి నుంచి తెస్తారు? క్రిస్ ఇంటి కుక్క స్నికర్స్‌కు ఆ వేషం ఇచ్చారు. ముందుకాలికి చేపల గాలం దారం కట్టి పైకి లాగితే అదే సెల్యూట్. కైరో బజారులో జనం, నాజీ సైనికులు, బందిపోట్లు, అందరూ ఇరుగుపొరుగు పిల్లలే. పెట్టుడు గడ్డాల కింద లేత చెంపలు కనబడుతూనే ఉంటాయి. ఎరిక్ తమ్ముడయితే ఎన్ని వేషాలు వేశాడో, ఎన్నిసార్లు చచ్చాడో. హీరోయిన్ మారియన్ వేషానికి ఒక అమ్మాయి దొరికింది. సినిమాలో హీరో ఆమెను ముద్దు పెట్టుకునే సీను ఉంది. క్రిస్ జీవితంలో మొదటి ముద్దు అదే. కెమెరా ముందు, స్నేహితులందరూ చూస్తుండగా.

*

నిప్పు సీను.

నేపాల్ మంచుకొండల్లో మారియన్ నడిపే సారాకొట్టు. కొట్లాట జరుగుతుంది, కొట్టు అంటుకుంటుంది. ఈ నేపాల్ ఎరిక్ వాళ్లమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో వెలిసింది. బల్లలు వేశారు, సీసాలు పేర్చారు. తలుపులు మూశారు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. మండే ద్రవం చల్లి అగ్గిపుల్ల గీశారు. జేసన్ కెమెరా తిరుగుతోంది. కొట్లాటలో నిప్పంటుకున్న మనిషి ఒకడు కావాలి కదా. ఎరిక్ ముందుకొచ్చాడు. అతని వీపు మీద నిజంగానే మంట లేచింది. అనుకున్నంత తేలిగ్గా ఆరలేదు. సినిమాలో ఆ షాటు ఇప్పటికీ ఉంది. వీపున మంటతో పరిగెడుతున్న పిల్లాడు. అది నటన కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. నాకైతే అక్కడ చప్పట్లు కొట్టాలనిపించదు. మీద ఇల్లు, కింద మంట, మధ్యలో తలుపులు మూసుకున్న పిల్లలు. ఆ రోజు ఎవరి పుణ్యమో అందరూ బతికి బయటపడ్డారు.

ఆ టేపు ఇంట్లో వాళ్ల కంటపడింది. కన్నతల్లికి తన కొడుకు తన ఇంట్లోనే తగలబడుతున్న దృశ్యం టీవీలో కనబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షూటింగ్ బంద్. కొన్నాళ్ల పాటు బతిమాలుకున్నాక, పెద్దవాళ్లొకరు పక్కన ఉంటేనే అన్న షరతు మీద మళ్లీ అనుమతి దొరికింది.

దానికి ఏమాత్రం తీసిపోనిది ప్లాస్టర్ సంగతి. మందసం తెరిచాక బెల్లాక్ తల పేలిపోవాలి. పేలడానికి ఒక బొమ్మ తల కావాలి. దానికి ఎరిక్ ముఖం అచ్చు తీయాలి. సినిమాల్లో మేకప్ వాళ్లు ఇందుకు ఆల్జినేట్ వాడతారు. పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీసేదీ అదే. రబ్బరులా మెత్తగా సాగుతుంది, చర్మాన్ని పట్టుకోదు. పిల్లలకు ఆ తేడా తెలియదు. గట్టి ప్లాస్టర్ కలిపి ముఖానికి దట్టంగా పట్టించారు. ప్లాస్టర్ గడ్డకట్టేటప్పుడు వేడెక్కుతుంది. వెంట్రుకలను తనలో కలిపేసుకుంటుంది. కాసేపటికి ఎరిక్‌కు కళ్లు తెరవడానికి లేదు, నోరు మెదపడానికి లేదు. లాగితే రాదు. కొడితే పగలదు. ఆడుతూ పాడుతూ మొదలుపెట్టిన స్నేహితుల చేతులు అప్పుడు వణికి ఉంటాయి. ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టర్లు తీశారు. కనురెప్పల వెంట్రుకలు ఊడిపోయాయి, కనుబొమ్మ దెబ్బతింది. చూపు దక్కింది.

ఈ కథను చాలామంది, గురువులూ వద్దు బడులూ వద్దు, పిల్లలను వదిలేస్తే చాలు అని చెప్పడానికి వాడుకుంటారు. నేను ఒప్పుకోను. ఇప్పుడు అమెరికాలో హైస్కూలు పిల్లలకు వేసవి సినిమా క్యాంపులు బోలెడు. న్యూయార్క్ యూనివర్సిటీ టిష్ స్కూల్ వేసవిలో హైస్కూలు విద్యార్థులకు కోర్సులు నడుపుతుంది. మిషిగన్‌లోని ఇంటర్‌లాకెన్ ఆర్ట్స్ క్యాంపులోనూ సినిమా నేర్పుతారు. హైదరాబాద్‌లో కూడా వేసవి సెలవుల్లో నటన, షార్ట్ ఫిల్మ్ వర్క్‌షాపులు మామూలైపోయాయి. అలాంటి చోట పనితెలిసిన మేకప్ మనిషి ఒకరుంటే, ముఖానికి ప్లాస్టర్ పూసే ముందు ఆ గిన్నె లాగేసుకునేవారు. నిప్పు దగ్గర నీళ్లు పట్టుకుని ఒకరు నిలబడేవారు. ఆ రెండు రోజులూ వాళ్ల పక్కన ఒక పెద్దమనిషి ఉండి తీరాల్సింది. ఇందులో రెండో మాట లేదు.

అయితే ఆ క్యాంపులు ఇవ్వలేనిది కూడా ఒకటుంది. రెండు మూడు వారాల క్యాంపులో చివరిరోజు ప్రదర్శన. అమ్మానాన్నలు వచ్చి కూర్చుంటారు. ఆ తేదీ తరుముతుంటే చెడిన షాటును అలాగే వదిలేసి ముందుకు పోవాల్సిందే. పిల్లలు కెమెరా పట్టడం నేర్చుకుంటారు, లైటు పెట్టడం నేర్చుకుంటారు, ఎడిటింగ్ నేర్చుకుంటారు. పాడైన షాటు దగ్గరికి సిగ్గుపడకుండా మళ్లీ వెళ్లడం నేర్చుకోవడానికి మాత్రం టైం చాలదు. అడ్వాన్స్‌డ్ క్యాంపు అని పేరు పెట్టి ఖరీదైన కెమెరా చేతికిస్తే సరిపోదు. నిరుడు తీసినదాన్నే పట్టుకురా, ఈసారి సరిగా తీద్దాం అనే క్యాంపు ఎక్కడైనా ఉంటే మా ఇంటి పిల్లలను ముందు అక్కడికే పంపిస్తాను. ఓషన్ స్ప్రింగ్స్ పిల్లలకు ఆ అవకాశం దానంతటదే దొరికింది, చివరి తేదీ చెప్పేవాళ్లు లేక.

*

పెద్దవాళ్ల లోకాన్ని అడిగి ఒప్పించడం కూడా ఆ వేసవుల్లోనే నేర్చుకున్నారు. కథలో జలాంతర్గామి ఉంది. స్పీల్‌బర్గ్‌కు కూడా సొంత జలాంతర్గామి లేదు. ‘దాస్ బూట్’ అనే జర్మన్ సినిమా వాళ్లు చేయించుకున్నదాన్ని అడిగి తీసుకుని ఫ్రాన్స్‌లోని లా రొషెల్ రేవులో ఆ సీను తీశాడు. పిల్లలు ఆ దారే పట్టారు. పక్క రాష్ట్రం అలబామాలో, మొబైల్ నగరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధనౌక ‘యూఎస్ఎస్ అలబామా’ను మ్యూజియంగా నిలబెట్టారు. దాని తోడుగా ‘యూఎస్ఎస్ డ్రమ్’ అనే జలాంతర్గామి కూడా ఉంది. వెళ్లి అడిగారు. షూటింగ్‌కు ఒప్పుకున్నారు. నాజీ యూనిఫాంలు తొడుక్కున్న పిల్లలు అమెరికా నౌకాదళపు జలాంతర్గామి మీద తిరుగుతుంటే వచ్చిన సందర్శకులు ఏమనుకున్నారో గానీ, సినిమాలో ఆ సీను వచ్చేసరికి చూసేవాళ్లు నోరు తెరుస్తారు. అప్పటిదాకా బేస్‌మెంట్లు, పెరళ్లు చూసిన కంటికి ఒక్కసారిగా నిజం ఓడ, నిజం నీళ్లు.

ట్రక్కు సీను కూడా అలాంటిదే. హీరో కదులుతున్న ట్రక్కు కిందకు జారి, నేల మీద ఈడ్చుకుపోతూ, వెనక నుంచి మళ్లీ పైకెక్కాలి. హారిసన్ ఫోర్డ్‌కు ఆ పని కోసం స్టంట్‌మన్ ఉన్నాడు. క్రిస్‌కు లేడు. తనే చేశాడు.

సినిమా చూస్తుంటే ముచ్చటగొలిపే సంగతి ఒకటి. కథ వరసలో షూటింగ్ జరగలేదు కదా. ఒక షాటులో క్రిస్ గొంతు ఇంకా ఆడపిల్ల గొంతులా ఉంటుంది. తలుపు తీసుకుని అవతలి గదిలోకి అడుగుపెట్టేసరికి గొంతు బొంగురుపోయి, భుజాలు వెడల్పయి ఉంటాయి. మరుసటి సీన్లో మళ్లీ పాల బుగ్గలు. మీసం మొలుస్తుంది, మాయమవుతుంది. ఇండియానా జోన్స్ మందసం కోసం వెతుకుతుంటే, ఆ వేషం వేసిన పిల్లాడు మన కళ్ల ముందే ముందుకీ వెనక్కీ ఎదుగుతుంటాడు. ఎంత డబ్బు పోసినా పెద్ద దర్శకులెవరూ ఆ సినిమాకు ఈ అందం తేలేరు.

చివరికి ఎడిటింగ్. స్థానిక టీవీ స్టేషన్‌లో రాత్రుళ్లు, పరికరాలు ఖాళీగా ఉన్న వేళల్లో కూర్చుని కోశారు, అతికారు. జాన్ విలియమ్స్ సంగీతాన్నే అసలు సినిమా నుంచి తీసి వేశారు. అప్పటికే వాళ్ల మధ్య మాట పట్టింపులు మొదలయ్యాయి. ఏడేళ్లంటే పిల్లల లెక్కలో ఒక జన్మ. కలిసి మొదలుపెట్టినవాళ్లు అదే స్నేహంతో చివరిదాకా ఉండటం కష్టం. పనిని మాత్రం మధ్యలో వదల్లేదు. 1989లో, గల్ఫ్‌పోర్ట్‌లోని కోకకోలా ప్లాంటు ఆడిటోరియంలో, బంధువులు, స్నేహితులు, వేషాలు వేసినవాళ్లు ఓ 200 మంది ముందు సినిమా వేశారు. దాదాపు వంద నిమిషాలు. చప్పట్లు కొట్టారు. ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయారు. టేపులు అలమారాల్లోకి చేరాయి.

ఒక్క సీను మాత్రం లేదు. ఈజిప్టులో నాజీల విమానం చుట్టూ జరిగే కొట్లాట, చివర్లో ఆ విమానం పేలిపోవడం. తిరిగే ప్రొపెల్లరు, పెట్రోలు, పేలుడు. అన్నింటికీ తెగించినవాళ్లు దాని జోలికి మాత్రం పోలేదు. అది లేకపోయినా కథ నడుస్తుంది కాబట్టి వదిలేశారు.

ఆ తర్వాత పదమూడేళ్లు ఎవరి బతుకు వాళ్లది. ఎరిక్ న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదివాడు, వీడియో గేమ్‌ల కంపెనీలో ఉద్యోగంలో కుదిరాడు. ముగ్గురూ మూడు దిక్కులయ్యారు. అయితే ఎక్కడో ఒక టేపు కాపీ చేతులు మారుతూనే ఉంది. అది దర్శకుడు ఎలై రోత్ చేతికి చిక్కింది. 2002 డిసెంబరులో, టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో, అలమో డ్రాఫ్ట్‌హౌస్ థియేటర్లో సినిమా పిచ్చోళ్ల కోసం రాత్రీ పగలూ ఏకబిగిన సాగే పండుగ జరుగుతోంది. మధ్యలో ఖాళీ దొరికితే ఈ టేపు వేశారు. ఆ తర్వాత వేయాల్సింది ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో భాగం. అప్పటికింకా జనానికి విడుదల కాని సినిమా. దాని టైం అయిందని పిల్లల సినిమాను సగంలో ఆపేశారు. హాలు గోల పెట్టింది. కోట్లు పోసి తీసిన కొత్త సినిమా ఎదురుగా ఉండగా, ఈ కుర్రాళ్ల బండరాయి తర్వాత ఏమైందో చూడాలని పట్టుబట్టింది.

మరుసటి ఏడాది, 2003లో, అదే ఆస్టిన్‌లో పూర్తి సినిమా వేశారు. ముగ్గుర్నీ వెతికి పట్టుకుని పిలిపించారు. తెర ఆరిపోయాక హాలంతా లేచి నిలబడింది. చిన్నప్పుడు చేసిన ఒక పిచ్చిపనిగా మరిచిపోయిన దానికి ముక్కూ ముఖం తెలియనివాళ్లు నిలబడి చప్పట్లు కొడుతుంటే, ముప్పయ్యేళ్లు దాటిన ముగ్గురూ వేదిక మీద మళ్లీ పక్కపక్కన నిలబడ్డారు.

టేపు స్పీల్‌బర్గ్ దాకా వెళ్లింది. ఆయన చూసి ముగ్గురికీ విడివిడిగా ఉత్తరాలు రాశాడు, మెచ్చుకున్నాడు, తర్వాత పిలిపించుకుని కలిశాడు. హక్కుల లెక్కన చూస్తే అది దొంగ సినిమానే. కథ వాళ్లది కాదు, సంగీతం వాళ్లది కాదు. స్పీల్‌బర్గ్ తలుచుకుంటే లాయరు నోటీసు పంపవచ్చు. కానీ ఆయన చిన్నతనం తెలిస్తే ఉత్తరం ఎందుకు రాశాడో తెలుస్తుంది. అరిజోనాలో, ఫీనిక్స్ నగరంలో పెరిగిన స్పీల్‌బర్గ్ కూడా ఆ వయసులో ఇంట్లో కెమెరా పట్టుకుని, స్నేహితులకు సైనికుల వేషాలు వేసి యుద్ధం సినిమాలు తీసినవాడే. 1964లో, పదిహేడేళ్ల వయసులో, ‘ఫైర్‌లైట్’ అనే పూర్తి నిడివి సినిమా తీసి ఊళ్లో నాటకాల హాల్లో ఒక్కరోజు ఆడించాడు. ఓషన్ స్ప్రింగ్స్ టేపులో ఆయనకు కనబడింది తన సినిమా ఒక్కటే అయి ఉండదు.

ఇక మిగిలిన విమానం.

2014లో క్రిస్, ఎరిక్ జనాన్ని చందా అడిగారు. ఇంటర్నెట్‌లో, కిక్‌స్టార్టర్ ద్వారా. 50,000 డాలర్లు దాటి వచ్చాయి. నలభై దాటిన ఇద్దరూ మిసిసిపిలో నేల చూసుకుని, విమానం బొమ్మను నిలువెత్తున కట్టించి, చుట్టూ సైనికులను నిలబెట్టారు. ఈసారి పని తెలిసిన మనుషులున్నారు, పేలుడుకు నిపుణులున్నారు. అయినా ఇబ్బంది తప్పలేదు. వాన పట్టుకుంది. ఎడారి కావాల్సిన చోట బురద. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన ఎరిక్‌కు సెలవు రోజులు కరిగిపోతున్నాయి. చిన్నప్పుడైతే వచ్చే వేసవికి చూద్దామనేవాడు. ఇప్పుడు వచ్చే వేసవి అతని చేతిలో లేదు. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఒక షాటు, ఒక షాటు లాగి, చివరికి విమానాన్ని పేల్చారు. ఈ తంటా అంతా జెరెమీ కూన్, టిమ్ స్కౌసెన్ తీసిన ‘రైడర్స్!’ డాక్యుమెంటరీలో ఉంది. 2015లో అదే ఆస్టిన్ నగరంలో, సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో చూపించారు.

కొత్త సీనును పాత సినిమాలో దాని చోట అతికించారు. చూసేవాళ్లకు అక్కడ ఒక్క కుదుపు. కుర్రాడిగా వెళ్లిన ఇండియానా జోన్స్ విమానం దగ్గరికి వచ్చేసరికి నడివయసువాడు, కాస్త ఒళ్లు చేసి, ఆయాసపడుతూ కొట్లాడతాడు. విమానం పేలుతుంది. దాని వెనకే ట్రక్కు సీను. అందులో మళ్లీ అదే క్రిస్, పదహారో పదిహేడో ఏళ్లవాడు, ట్రక్కు కింద మట్టిలో ఈడ్చుకుపోతూ ఉంటాడు.